వినికిడి లేని పిల్లల నిలకడ, నడక, స్పర్శ: ఇంట్లో గమనించవలసినవి, చేయవలసినవి

పిల్లకు వినికిడి లేదని తెలిసిన నాటి నుంచి ఇంటిల్లిపాది ధ్యాస చెవి మీదా, మాట మీదా నిలిచిపోతుంది. చెవికి మిషన్ పెట్టించాలా, కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) చేయించాలా, మాటలు ఎప్పటికి వస్తాయి, ఏ బడిలో చేర్చాలి అన్న ఆలోచనలతోనే మొదటి రెండు మూడేళ్లు గడిచిపోతాయి. అవి అవసరమైన ఆలోచనలే. అయితే ఆ పిల్ల చీకట్లో ఎలా నిలబడుతోంది, మెత్తటి నేల మీద ఎలా నడుస్తోంది, వెనుక నుంచి ఎవరైనా ముట్టుకుంటే ఎంతగా ఉలిక్కిపడుతోంది, అరచేతికి తగిలే అదురు నుంచి ఏమి తెలుసుకుంటోంది అన్నవి కూడా అంతే ముఖ్యమని, చెన్నైలో ఇటువంటి పిల్లలున్న తెలుగు కుటుంబాలతో చాలాకాలంగా పనిచేస్తున్న ప్రత్యేక ఉపాధ్యాయురాలిగా నేను గట్టిగా నమ్ముతున్నాను. పెరంబూరులోనూ, వ్యాసర్పాడిలోనూ, కోడంబాక్కంలోనూ నేను కలిసే తల్లులలో చాలామంది పిల్ల తరచూ పడిపోతుందని చెబుతారు గానీ, దానికీ చెవుడుకూ సంబంధం ఉండవచ్చని వారికి ఎవరూ చెప్పి ఉండరు. వారి కోసం ఈ వివరాలు రాస్తున్నాను.

సంబంధం లోపలి చెవిలోనే ఉంది. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఉండే కాక్లియా శబ్దాన్ని గ్రహిస్తే, దానిని ఆనుకొని ఉన్న మూడు అర్ధవలయాకార నాళాలు తల ఎటు తిరుగుతోందో పసిగడతాయి. ఆ పక్కనే ఉన్న రెండు చిన్న సంచులలో కాల్షియం కార్బొనేట్ స్ఫటికాలు ఉంటాయి. కింద ఏది, పైన ఏది, శరీరం ముందుకు పోతోందా పక్కకు ఒరుగుతోందా అన్నది మెదడుకు తెలిసేది వీటి వల్లనే. ఈ రెండు విభాగాలలోనూ ఒకే ద్రవం, ఒకే తరహా రోమకణాలు (కదలికను పసిగట్టే, సన్నని వెంట్రుకల వంటి కొసలున్న కణాలు) ఉంటాయి. రెండింటి సమాచారాన్నీ మెదడుకు చేర్చేది ఎనిమిదో కపాల నాడి. కాబట్టి వినికిడిని దెబ్బతీసిన కారణం పక్కనున్న నిలకడ (తూలకుండా నిలిపే సమతుల్యత) అవయవాన్ని కూడా దెబ్బతీసి ఉండే అవకాశం ఎప్పుడూ ఉంటుంది.

అయినా పిల్ల వెంటనే పడిపోదు. మనిషి నిటారుగా నిలబడడానికి మెదడు లోపలి చెవితో పాటు కళ్ళనూ, పాదాల నుంచీ కీళ్ళ నుంచీ కండరాల నుంచీ వచ్చే స్పర్శనూ వాడుకుంటుంది. చెవి నుంచి కబురు రాకపోతే మిగిలిన రెండూ ఆ పనిని పంచుకుంటాయి. పగటి వెలుతురులో గట్టి నేల మీద ఆ పిల్లకు ఏ లోటూ కనిపించకపోవడానికి కారణం ఇదే. వెలుతురు తగ్గినప్పుడో, నేల మెత్తబడినప్పుడో మాత్రమే లోపం బయటపడుతుంది. ఈ ఒక్క విషయాన్ని మనసులో ఉంచుకుంటే మిగతాదంతా తేలికగా అర్థమవుతుంది.

చెవుడు ఉన్న పిల్లలందరికీ నిలకడ లోపం ఉండదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. మన దేశంలో పుట్టుకతో వచ్చే చెవుడుకు ముఖ్యమైన జన్యుకారణాలలో ఒకటైన కనెక్సిన్ 26 లోపం ఉన్న పిల్లలలో నిలకడ సాధారణంగా బాగానే ఉంటుంది. మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) తరువాత వినికిడి పోయిన పిల్లలలోనూ, గర్భంలో ఉండగా సైటోమెగలో వైరస్ సోకిన పిల్లలలోనూ, జెంటామైసిన్, స్ట్రెప్టోమైసిన్ వంటి ఇంజెక్షన్లు ఎక్కువగా పడిన పిల్లలలోనూ, లోపలి చెవి నిర్మాణమే సరిగా ఏర్పడని పిల్లలలోనూ అనుమానం ఎక్కువగా ఉండాలి. కనుక చెవుడుకు కారణమేమిటని డాక్టరును అడగడం, తెలిసిన కారణాన్ని ఫైలులో రాయించుకోవడం మొదటి పని.

పసితనంలో గమనించవలసినవి

మెడ ఎప్పుడు నిలిచింది, ఎప్పుడు కూర్చుంది, ఎప్పుడు అడుగులు వేసింది అని డాక్టరు అడిగితే చాలామంది తల్లులు తడబడతారు. మన ఇళ్ళలో ఇందుకు మంచి ఆధారం ఒకటి ఉంది. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు పంచే ఆనవాయితీ చెన్నైకి వచ్చి స్థిరపడిన కుటుంబాలలో కూడా ఇంకా పోలేదు. అమ్మమ్మనో నాయనమ్మనో అడిగితే ఆ అరిసెలు ఏ పండుగకు ముందు వండారో చెబుతారు. ఫోనులో ఆ రోజు తీసిన ఫొటోకు తేదీ ఉంటుంది. ఆ తేదీలను ఒక కాగితం మీద రాసుకోండి. నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోవడం, తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోలేకపోవడం, ఏడాదిన్నర దాటినా సొంతంగా అడుగులు వేయకపోవడం చెవుడు ఉన్న పిల్లలో కనిపిస్తే, బద్ధకమనో బొద్దుగా ఉండడం వల్లననో సరిపెట్టుకోకూడదు. ఇటువంటి ఆలస్యానికి వేరే కారణాలు కూడా ఉంటాయి కాబట్టి పిల్లల డాక్టరు కూడా చూడాలి.

ఆలస్యంగా నడిచిన పిల్లల విషయంలో మరొక జాగ్రత్త ఉంది. పుట్టుకతో తీవ్రమైన చెవుడు, నడక రావడంలో ఆలస్యం, ఆ తరువాత బాల్యంలో రేచీకటి, ఈ మూడూ కలిస్తే అది అషర్ సిండ్రోమ్ మొదటి రకం కావచ్చు. అందులో కంటి రెటీనా క్రమంగా క్షీణిస్తుంది. ఇది తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండు లోపమున్న జన్యువులు కలిసినప్పుడు వస్తుంది. మేనరికాలలో ఆ అవకాశం పెరుగుతుంది. ఎవరినీ తప్పుపట్టడానికి ఇది చెప్పడం లేదు. సాయంత్రం మెట్ల దగ్గర తడబడే పిల్లను, సినిమా హాలులో సీటు వెతుక్కోలేని పిల్లను కంటి డాక్టరుకు కూడా చూపించాలన్నది నా ఉద్దేశం. చూపు ఉండగానే తెలిస్తే ఆ పిల్ల నేర్చుకోవలసిన భాషను, చదువును, స్పర్శ ద్వారా సమాచారం అందుకునే పద్ధతులను ముందుగానే సిద్ధం చేయవచ్చు. చూపు, వినికిడి రెండింటిలోనూ లోపమున్న పిల్లల కోసం ముట్టుకాడులోని బహుళ వైకల్యాల జాతీయ సాధికారత సంస్థను సంప్రదించవచ్చు.

ఆటలలో తెలిసేది

నాలుగైదేళ్ల వయసు వచ్చాక ఆసుపత్రి పరీక్షలకు ముందే మన ఆటలు చాలా చెబుతాయి. తొక్కుడుబిళ్ళ ఆడేటప్పుడు పిల్ల ఒంటికాలి మీద ఎంతసేపు నిలుస్తోంది, వంగి బిళ్ళ తీసుకొని మళ్ళీ లేవగలుగుతోందా, తల కిందికి వంచిన క్షణంలోనే తూలుతోందా అని చూడండి. ఐదేళ్లు నిండిన పిల్ల ఒంటికాలి మీద కొద్ది సెకన్లయినా నిలవలేకపోతే పరీక్ష చేయించడం మంచిది. కళ్ళగంతల ఆటలో గంత కట్టగానే ఒక్క అడుగు కూడా వేయలేక చతికిలబడే పిల్లను భయస్థురాలని వెక్కిరిస్తారు. కళ్ళు మూసుకుంటే తాను నిటారుగా ఉందో లేదో ఆ పిల్లకు నిజంగానే తెలియకపోవచ్చు. ఆ ఆటలోకి ఆమెను బలవంతంగా దించవద్దని తోటి పిల్లలకు చెప్పాలి.

ఒప్పులకుప్ప మరీ ముఖ్యమైనది. చేతులు పట్టుకొని గిరగిర తిరిగి ఆగగానే పిల్లలందరూ కళ్ళు తిరిగి నేల మీద కూలబడి నవ్వుతుంటే, చెవుడు ఉన్న పిల్లలలో కొందరు ఏమీ జరగనట్టు నిలబడి చూస్తారు. దీనిని 1882లోనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త విలియం జేమ్స్ నమోదు చేశాడు. ఆయన సమాచారం సేకరించిన 519 మంది బధిరులలో 186 మందికి ఎంత వేగంగా తిరిగినా కళ్ళు తిరగలేదు. పోలిక కోసం చూసిన సుమారు 200 మంది హార్వర్డ్ విద్యార్థులు, అధ్యాపకులలో ఒక్కరు తప్ప అందరికీ తిరిగాయి. 1950ల చివర అమెరికా నౌకాదళ పరిశోధకులు అంతరిక్ష ప్రయాణంలో వచ్చే వికారాన్ని అర్థం చేసుకోవడానికి బధిరుల కోసం నడిచే గాలాడెట్ కళాశాల నుంచి 11 మంది బధిరులను ఎంచుకున్నదీ ఇందుకే. వారిలో 10 మందికి మెనింజైటిస్ వల్ల వినికిడి పోయింది. పడవ ఎంత ఊగినా వారికి వాంతి రాలేదు. ఘాట్ రోడ్డులో మా పిల్లకు ఎప్పుడూ వాంతి కాదని సంతోషంగా చెప్పే తల్లులను చూసినప్పుడు నేను ఆ మాటను కూడా రాసుకుంటాను. అది ఒక్కటే దేనినీ నిరూపించదు గానీ, ఆలస్యమైన నడకతోనూ చీకటి భయంతోనూ కలిసి కనిపిస్తే చాలా విలువైన ఆనవాలు.

ఇంట్లో చిన్న పరిశీలన చేయవచ్చు. గోడ మూలలో, ఇద్దరు పెద్దవాళ్ళు చెరో పక్కన ఉండగా, పాదాలు దగ్గరగా పెట్టి నిలబడమనండి. మొదట కళ్ళు తెరచి, తరువాత మూసి, ఆ తరువాత మందపాటి దిండు మీద. ఇక్కడ చాలామంది మరచిపోయే విషయం ఏమిటంటే, కళ్ళు మూసుకున్న పిల్లకు వినికిడి కూడా లేనప్పుడు ఆమెకు మీరు ఇక ఏమీ చెప్పలేరు. అందుకే ముందుగానే ఒప్పందం చేసుకోవాలి: భుజం మీద ఒకసారి తడితే కళ్ళు తెరవాలి, రెండుసార్లు తడితే కూర్చోవాలి. ఆ ఒప్పందాన్ని కళ్ళు తెరచి ఉన్నప్పుడే నాలుగైదు సార్లు ఆడించి చూపండి. పిల్ల భయపడితే వెంటనే ఆపేయండి.

డాక్టరును అడగవలసినవి

అనుమానం కలిగితే ఈఎన్‌టీ డాక్టరునూ ఆడియాలజిస్టునూ నిలకడ పరీక్షలు చేయగలరా అని విడిగా అడగాలి, ఎందుకంటే మామూలు వినికిడి పరీక్షలలో ఇవి భాగం కావు. తలను చటుక్కున కొద్దిగా తిప్పి కళ్ళ కదలికను కెమెరాతో చూసేది ఒకటి, చెవిలోకి వెచ్చని లేదా చల్లని గాలినో నీటినో పంపి చూసేది ఒకటి, శబ్దానికి మెడ కండరం స్పందనను కొలిచేది ఒకటి ఉంటాయి. కాక్లియర్ ఇంప్లాంట్‌కు ముందు రెండు చెవుల నిలకడ స్థితీ తెలుసుకోవడం మంచిది. ఒక చెవి మాత్రమే నిలకడకు ఆధారంగా ఉంటే ఏ చెవికి ఆపరేషన్ చేయాలన్న నిర్ణయంలో అది కూడా లెక్కలోకి వస్తుంది. ఆపరేషన్ తరువాత కొద్దిరోజులు తల తిరగడం ఉండవచ్చు. నడిచే పిల్ల మళ్ళీ పాకడం మొదలుపెట్టినా, ఆ తూలు తగ్గకపోయినా ఊరుకోకుండా చెప్పాలి. స్కానింగ్‌లో లోపలి చెవిలోని వెస్టిబ్యులర్ అక్విడక్ట్ అనే సన్నని నాళం వెడల్పుగా ఉందని తేలిన పిల్లలకు తలకు దెబ్బ తగిలితే ఉన్న వినికిడి కూడా తగ్గే ప్రమాదం ఉంటుంది కనుక, ఏ ఆటలు మానాలో వారి డాక్టరునే అడగండి.

నిలకడకు సాధన

పోయిన రోమకణాలు తిరిగి రావు. అయినా సాధనతో కళ్ళూ పాదాలూ తమ పనిని మరింత బాగా నేర్చుకుంటాయి. వినికిడితో పాటు నిలకడ లోపం ఉన్న చిన్నపిల్లలకు క్రమబద్ధమైన వ్యాయామం ఇస్తే వారి శారీరక వికాసంలో వెనుకబాటు ఆగి, మెరుగుదల కనిపించిందని 2004లో ప్రచురితమైన ఒక అమెరికా అధ్యయనం చూపింది. వ్యాయామాలను ఫిజియోథెరపిస్టు నిర్ణయించాలి. ఇంట్లో కొనసాగించడానికి ఖరీదైన సామాను అవసరం లేదు. నేల మీద సుద్దతో గీత గీసి మడమకు బొటనవేలు ఆనేలా నడిపించడం, తొక్కుడుబిళ్ళను మొదట రెండు కాళ్ళతో, తరువాత ఒంటికాలితో ఆడించడం, పరుపు మీద నిలబెట్టి బంతి విసిరి పట్టించడం ఇవన్నీ సాధనే. చెప్పులు లేకుండా చేయించండి. పాదం అడుగుభాగం ఎంత ఎక్కువ గ్రహిస్తే అంత మంచిది.

చదువుకు సంబంధించిన సాధన ఒకటి విడిగా చెప్పాలి. తల కదిలినప్పుడు చూపు కదలకుండా నిలిపేది కూడా లోపలి చెవే. అది పనిచేయకపోతే నడుస్తున్నప్పుడూ బస్సులో కూర్చున్నప్పుడూ కంటి ముందు అక్షరాలు ఊగుతాయి. బోర్డు వైపు, పుస్తకం వైపు తల తిప్పి తిప్పి చూసేటప్పుడు పిల్ల వరుస తప్పుతుంది. చదువు రాదని, ధ్యాస లేదని టీచర్లు ఫిర్యాదు చేసే పిల్లలలో కొందరి ఇబ్బంది ఇదే. ఒక కార్డు మీద పెద్దగా 'అ' రాసి చేతి దూరంలో పట్టుకోండి. అక్షరం మసకబారకుండా చూస్తూ తలను కుడి ఎడమలకు నిదానంగా తిప్పమనండి, అలవాటయ్యే కొద్దీ వేగం పెంచండి. రోజుకు రెండు మూడు సార్లు, ఒక్కోసారి నిమిషం లోపు చాలు. బడిలో ముందు వరుసలో, బోర్డుకు ఎదురుగా సీటు అడగండి.

స్పర్శ గురించి

చెవుడు ఉన్నవాళ్ళకు స్పర్శ అద్భుతంగా ఉంటుందని లోకంలో ఒక నమ్మకం. పరిశోధనలు చెప్పేది అంత సూటిగా లేదు. పుట్టుకతో చెవుడు ఉన్న ఒక వ్యక్తి అరచేతికి అదురు తగిలించినప్పుడు మెదడులో వినికిడికి చెందిన భాగం స్పందించిందని 1998లో ఫిన్లాండ్ పరిశోధకులు చూపారు. ఒకే ఒక మెరుపు మెరిసినప్పుడు ముఖం మీద రెండు స్పర్శలు కలిగిస్తే బధిరులకు అది రెండు మెరుపులుగా కనిపించిందని 2012లో అమెరికా అధ్యయనం ఒకటి తెలిపింది. అంటే వారికి స్పర్శ చూపునే ప్రభావితం చేస్తోంది. అదే 2012లో జర్మనీ పరిశోధకులు మాత్రం పుట్టుకతో చెవుడు ఉన్న యువతలో కొంతమందికి సన్నని స్పర్శను గుర్తించే శక్తి తక్కువగా ఉందని కనుగొన్నారు. చర్మంలోనూ చెవిలోనూ ఒత్తిడిని గ్రహించే జన్యువులు కొన్ని ఉమ్మడివి కావడం దీనికి కారణం కావచ్చని వారి ఊహ. కాబట్టి మీ పిల్ల వేళ్ళు ఎంత చురుకైనవో అనుకోవడం కాక, చూసి తెలుసుకోండి. మెదడు స్పర్శకు ఎక్కువ చోటు ఇస్తుందన్నది మాత్రం నమ్మదగిన మాట. ఆ చోటును మనం ఎలా నింపుతామన్నది మన చేతిలో ఉంది.

పిలవడంతో మొదలుపెడదాం. వెనుక నుంచి వచ్చి తల మీద తట్టడం, చెంప పట్టి ముఖం తిప్పడం, చేయి గుంజడం మన ఇళ్ళలో మామూలుగా జరిగేవి. అడుగుల చప్పుడు ముందుగా వినబడని మనిషికి ప్రతి స్పర్శా హఠాత్తుగానే వస్తుందని ఒక్కసారి ఊహించండి. చెవుడు ఉన్నవారు అంచు చూపుతో కదలికలను బాగా పట్టుకుంటారు, అందుచేత ముందు వారి చూపు అంచులోకి వచ్చి చేయి ఊపండి. తట్టవలసి వస్తే భుజం మీదో మోచేతికి పై భాగంలోనో రెండుసార్లు మెత్తగా తట్టండి. పాత ఇళ్ళలో చెక్క మేడల మీద కాలితో నేలను తడితే అదురు అందేది. నేటి అపార్ట్‌మెంట్ల కాంక్రీటు మీద, గ్రానైటు మీద అది అందదు. భోజనాల బల్లనో, పిల్ల కూర్చున్న మంచాన్నో తట్టండి. దూరంలో ఉంటే గదిలో లైటు రెండుసార్లు వెలిగించి ఆర్పండి.

ప్రతివారూ ముట్టుకునే పిలుస్తుంటే ఏ స్పర్శ పిలుపు, ఏ స్పర్శ తప్పు అన్న గీత పిల్ల మనసులో చెరిగిపోతుంది. దీనిని నేను అన్నిటికంటే గంభీరంగా తీసుకుంటాను. పిలుపు కోసం ముట్టుకునే చోట్లు భుజం, పై చేయి మాత్రమేనని, ఇంకెక్కడ ముట్టుకున్నా, ఎవరు ముట్టుకున్నా, వద్దని చేయి అడ్డం పెట్టవచ్చని పిల్లకు స్పష్టంగా నేర్పండి. శరీర భాగాల పేర్లు, భయం, నొప్పి, వద్దు, ఎవరు, ఎక్కడ అన్న మాటలకు సైగలు ఆమెకూ ఇంట్లో వారికీ తెలిసి ఉండాలి. జరిగింది చెప్పడానికి భాష లేని పిల్లకు రక్షణ లేదు. మాట నేర్పిస్తున్నాం కదా, సైగలు ఎందుకని వాయిదా వేయవద్దు. బంధువులకు, ఆటో డ్రైవరుకు, ట్యూషన్ మాస్టారుకు కూడా పిలిచే పద్ధతి ఇదని చెప్పి ఉంచండి.

అదురుతో నేర్పగలిగేది

చెవి 20 నుంచి 20,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) వరకు వింటే, చర్మం సుమారు 1,000 హెర్ట్జ్ వరకే అదురును గుర్తిస్తుంది. 250 ప్రాంతంలో అది అన్నిటికన్నా చురుకు. మగవారి గొంతు మూలస్వరం 100 పైచిలుకు, ఆడవారిది 200 ప్రాంతంలో ఉంటుంది గనుక గొంతు మీద, ఛాతీ మీద చేయి పెడితే మాట అదురు చక్కగా అందుతుంది. 'స', 'ష' వంటి అక్షరాల బలం చాలా ఎత్తైన పౌనఃపున్యాలలో ఉంటుంది. అవి అదురుగా అందవు. వాటిని నోటి ముందు అరచేయి వెనుకభాగం ఉంచి, ఊపిరిగా గుర్తించడం నేర్పాలి.

తెలుగు పిల్లలకు ఇది మరింత అవసరం. క, చ, ట, త, ప అనే పరుషాలకూ గ, జ, డ, ద, బ అనే సరళాలకూ పెదవుల మీద, నాలుక మీద తేడా కనిపించదు. 'పాట' అన్నా 'బాట' అన్నా అద్దంలో ఒకేలా ఉంటుంది. పిల్ల వేళ్ళు మీ గొంతు మీద, మరో చేయి తన గొంతు మీద పెట్టించి రెండు మాటలూ మార్చి మార్చి అనండి. 'బ' అనేటప్పుడు పెదవులు విడవక ముందే గొంతులో అదురు మొదలవుతుంది. 'మ' అనేటప్పుడు ముక్కు పక్కన వేలు పెడితే అక్కడ అదురు తెలుస్తుంది. తమిళ లిపిలో క-గ లకూ ప-బ లకూ వేర్వేరు అక్షరాలు లేవు. చెన్నైలో థెరపిస్టు తమిళులైతే, మన ఇంట్లో ఈ తేడాతో అర్థమే మారుతుందని వారికి చెప్పి, ఇంటి భాషలోనే సాధన చేయించమని కోరండి.

సంగీతం చెవుడు ఉన్న పిల్లలకు ఎందుకనుకోకూడదు. పన్నెండేళ్ల వయసుకల్లా వినికిడి దాదాపు పూర్తిగా కోల్పోయిన స్కాట్లాండ్ వాద్యకారిణి ఎవెలిన్ గ్లెనీ పాదరక్షలు లేకుండా వేదిక మీద నిలబడి, పాదాలతోనూ శరీరంతోనూ అదురును గ్రహిస్తూ ప్రపంచమంతటా కచేరీలు చేసింది. మన ఊరిలో మార్గళి (ధనుర్మాసం) నెలంతా మృదంగం మోగని వీధి ఉండదు. తెలిసిన విద్వాంసులు ఉంటే పిల్ల అరచేతిని మృదంగం కట్టెకు ఆనించమనండి; ఎడమ వైపు మోతలోని లోతైన అదురు మోచేతి వరకు వస్తుంది, కుడి వైపు మీటు వేళ్ళ కొసలకే పరిమితమవుతుంది, ఆ తేడాను పిల్లలు చాలా త్వరగా పట్టుకుంటారు. భరతనాట్యంలో చేర్చాలనుకుంటే గురువు కర్రతో తట్టే పలకను చెక్క వేదిక మీదే ఉంచమని, పిల్లను దానికి దగ్గరగా, గురువు చేయి కనిపించేలా నిలబెట్టమని అడగండి. మోకాళ్ళు వంచి నిలిచే అరమండి నిలకడకు మంచి సాధన. గుండ్రంగా తిరిగే అడుగులు మాత్రం చివరలో, ఒక స్థిరమైన గుర్తు మీద చూపు నిలిపి తిరగడం వచ్చాకే నేర్పాలి.

తన కదలిక చేసే చప్పుడు తనకు వినబడకపోవడం వల్ల చెవుడు ఉన్న పిల్లలు కాళ్ళు ఈడుస్తూ నడుస్తారు, తలుపు దబాలున వేస్తారు, గిన్నెలు విసురుగా పెడతారు. వారిని పొగరని తిట్టే ఇళ్ళు ఉన్నాయి. ఎంత బలం వాడాలో చెవి చెప్పకపోతే కంటితోనూ చేతితోనూ చెప్పించాలి. ఎనిమిదేళ్ల పిల్ల ఒకతె స్టీలు గ్లాసును ప్రతిసారీ వంటగట్టు మీద గట్టిగా కొట్టినట్టు పెట్టేది. గ్లాసును అంచు దాకా నీళ్ళతో నింపి, నీటి పైభాగం కదలకుండా కింద పెట్టమన్నాం. మొదట నీళ్ళు చిందాయి. తరువాత ఆ పిల్ల గ్లాసు అడుగున చిటికెనవేలు ముందుగా ఆనించి, దాని మీదుగా గ్లాసును దించడం తనంతట తానే కనిపెట్టింది. తలుపు విషయంలో ఒక అరచేయి తలుపు చట్రం మీద ఉంచి మరో చేత్తో మూయించండి. కాళ్ళు ఈడ్చడం మాన్పించడానికి చెక్క బల్ల మీద మీరు రెండు రకాలుగా నడిచి, ఆ తేడాను పిల్ల అరచేతికి అందించండి.

చీకటి, ఇసుక, నీళ్ళు

చెవీ, కన్నూ, పాదమూ మూడూ ఒకేసారి సహాయం మానేసే చోటు చెన్నైలో సాయంత్రపు సముద్రతీరం. మెరీనాలోనో బెసెంట్ నగర్‌లోనో పొద్దు గూకాక ఇసుకలో నడిచేటప్పుడు నేల మెత్తన, చూపుకు ఆధారం తక్కువ. అల వెనక్కి పోతూ పాదం కింది ఇసుకను లాగేస్తుంది, కదిలే నీరు కంటినీ మోసం చేస్తుంది. నిలకడ లోపమున్న పిల్లను వెలుతురు ఉండగానే తీసుకువెళ్ళి, చేయి పట్టుకొనే తడి ఇసుక దాకా నడిపించండి. చేతిని లాగి పట్టుకోనక్కర్లేదు. వేలి కొన ఒక స్థిరమైన వస్తువుకు తేలికగా ఆనితే చాలు శరీరపు ఊగిసలాట తగ్గుతుందని 1994లోనే ప్రయోగాల్లో తేలింది. అక్కడ వేలు బరువు మోయదు, శరీరం ఎటు ఒరుగుతోందో మెదడుకు చెబుతుంది. ఇంట్లో కరెంటు పోయినప్పుడు గోడ వెంట వేలి కొన ఆనిస్తూ నడవడం ఇదే కారణంతో పనిచేస్తుంది, కనుక పిల్లకు పగటిపూటే అలవాటు చేయండి. మంచం నుంచి బాత్‌రూము దాకా చిన్న లైట్లు, బ్యాటరీతో వెలిగేవి, ఉండాలి.

నీటి లోపల ప్రమాదం ఇంకా పెద్దది. మునిగిన శరీరానికి పాదం కింద నేల ఉండదు, బరువు తెలియదు, కళ్ళు మూసుకుంటే పైవైపు ఏదో చెప్పగలిగేది లోపలి చెవి ఒక్కటే. అది పనిచేయని మనిషి ఊపిరి కోసం కిందికి ఈదే అవకాశం ఉంది. విలియం జేమ్స్ ఆనాడే ఈ సంగతిని ప్రస్తావించాడు. మెరీనాలో సముద్రస్నానం ఎలాగూ నిషేధం. ఎవరు దిగినా మీ పిల్లను దింపవద్దు. ఈత నేర్పడం మాత్రం మానవద్దు. స్విమ్మింగ్ పూల్‌లో, పిల్ల నిలబడగలిగే లోతులో, కంటికి నీరు తగలని అద్దాలు పెట్టి, పట్టుకోగలిగినంత దగ్గరలో పెద్దవారు ఉండగా నేర్పండి. నీటిలో ఊపిరి వదిలితే బుడగలు పైకే పోతాయి. బుడగల వెంట వెళ్ళడం మొదటి పాఠం కావాలి. వినికిడి పరికరం తీసేశాక పిలుపు పనిచేయదు కాబట్టి, నీటిలో భుజం మీద రెండుసార్లు తడితే గట్టుకు రావాలన్న ఒప్పందం ముందే ఉండాలి.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవన వానలకు మన వీధుల్లో నిలిచే మురికి నీరు కూడా ఇటువంటిదే. పాదం కనబడదు, గుంట కనబడదు, వెనుక వచ్చే బైకు వినబడదు. బడి దాకా వెళ్ళి తీసుకురావడం, తప్పనిసరైతే గొడుగును చేతికర్రలా ముందు నేలను తడుతూ గోడవైపున నడవడం నేర్పడం మంచిది. ఎలక్ట్రిక్ రైలులో తెరిచి ఉండే తలుపు దగ్గర నిలబడనివ్వవద్దు. సీటు దొరకకపోతే నిలువు కడ్డీకి వీపు ఆనించి, పాదాలు వెడల్పుగా పెట్టి, కిటికీలోంచి దూరంగా కదలని దేనినైనా చూడమనండి.

ఇంట్లో పెద్దవారికి

ముసలితనంలో వచ్చే చెవుడుకు కూడా ఇదంతా కొంతవరకు వర్తిస్తుంది. స్వల్పమైన, అంటే 25 డెసిబెల్స్ పాటి, వినికిడి తగ్గుదల ఉన్నవారు కూడా పడిపోయే అవకాశం సుమారు మూడు రెట్లు ఎక్కువని 40 నుంచి 69 ఏళ్ల వారి మీద జరిగిన అమెరికా అధ్యయనం 2012లో తెలిపింది. తాతగారు ఈ మధ్య గోడ పట్టుకొని నడుస్తున్నారంటే మోకాళ్ళకూ బీపీకీ మందులతో సరిపెట్టకుండా వినికిడి, నిలకడ పరీక్షలు కూడా చేయించండి. ఒక్కసారిగా ఒక చెవి వినబడకపోయినా, దానితో పాటు తల తిరిగినా రెండు మూడు రోజులు చూద్దామనుకోకుండా ఆ రోజే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాలి. తల తిరగడంతో పాటు ముఖం వంకర పోవడం, మాట తడబడడం, చేయి పడిపోవడం ఉంటే 108కి ఫోను చేసి నేరుగా పెద్ద ఆసుపత్రి అత్యవసర విభాగానికి చేర్చాలి.